మూడు మీటల బూర

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి డబ్బులు చేతికొస్తేనే పెళ్ళిళ్ళకి కళ. డీజే బండ్లు చాలా మేళాల పొట్ట కొట్టాయి గానీ, పెళ్ళికొడుకు ఊరేగింపులో ట్రంపెట్ మోగితే జనం ఇప్పటికీ అరుగుల మీదకి వస్తారు. ఆ ట్రంపెట్ ఎక్కడ తయారవుతుందో తెలుసా? చాలామటుకు మీరట్‌లో, జలీకోఠీ అనే పేటలో.

దాని వెనక మంచి కథ ఉంది. బ్రిటిష్ సైన్యం బ్యాండులో పనిచేసిన నాదిర్ అలీ 1885లో సొంత బ్యాండు పెట్టాడు. తర్వాత వాయిద్యాలు తనే చేయించడం మొదలెట్టాడు. వాయించేవాడే తయారీదారు అయ్యాడన్నమాట. నాకు నచ్చింది అదే.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ట్రంపెట్ పట్టాను. ఇప్పుడు వారమంతా కోడింగు, శని ఆదివారాలు చిలకలూరిపేట దగ్గర ఓ రేకుల షెడ్డులో బూరల రిపేరు. సొట్టలు తీయడం తేలికే. ఇత్తడిని కొట్టేకొద్దీ గట్టిపడి పగుళ్ళిస్తుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి, అంతే. గొట్టం వంచాలంటే లోపల తారు కరిగించి పోసి, గడ్డకట్టాక వంచాలి. లేకపోతే ముడతలు పడుతుంది.

అసలు తంటా మీటలతో. పిస్టనుకీ దాని గొట్టానికీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండకూడదు. గాలి లీకైతే స్వరం నిలవదు, వాయించేవాడి దవడలు పోతాయి. లెక్క కూడా తమాషాగా ఉంటుంది. ట్రంపెట్ గొట్టం పొడవు సుమారు 148 సెంటీమీటర్లు. రెండో మీట నొక్కితే దానికి 9 సెంటీమీటర్లు కలిసి అర స్వరం దిగుతుంది. మొదటిది 18 కలుపుతుంది. రెండూ కలిపి నొక్కితే 27. కానీ అక్కడ కావలసింది 28! ఆ సెంటీమీటరు తేడాని వాయించేవాడు పెదవులతోనే సర్దుకుంటాడు. మా మేళాల వాళ్ళు ఏ లెక్కా చదవకుండానే ఆ పని చేస్తున్నారు.

ఊదే ఊపిరికి మన దగ్గర ఎన్నడూ లోటు లేదు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంతో 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఇత్తడి పనికీ లోటు లేదు, గోదావరి జిల్లా అజ్జరం ఉండనే ఉంది. ఈ రెంటినీ కలిపే షెడ్డు ఒకటి ఉంటే బాగుండునని నా ఆశ.

నాన్న మాత్రం, "ఏరా, నెలనెలా జీతం వస్తుంటే ఈ ఇత్తడి గోలేంటి? మిర్చి రేటు పడితే ఇంటికి నీ జీతమే కదా దిక్కు!" అంటున్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఈ పని సీజన్ కూడా పంట డబ్బుల మీదే ఆధారం. పంట పోయిన ఏడాది పెళ్ళిళ్ళు సాదాగా జరుగుతాయి, మేళాలు ఖాళీ, నా షెడ్డూ ఖాళీ.

అందుకే పొలం మీద అప్పు తేనని చెప్పాను. ఈ వేసవికి రిపేర్లే. అందులో మిగిలిన డబ్బుతో పిస్టన్లు సానబట్టే చిన్న లేతు కొంటాను. బూర నోరు కొట్టడం ఆ తర్వాతి సంగతి. నాన్న ఇంకా ఔననలేదు గానీ, మొన్న లేతు ధర ఎంతని అడిగారు.