నాన్న కట్టిన గుడారం

ఆడపిల్లకు తండ్రి జడ వేయటం మీలో ఎంతమంది చూశారు? మన ఇళ్లలో ఫీజు కట్టేదీ, మార్కుల కాగితం మీద సంతకం పెట్టేదీ నాన్న. జడా, జ్వరం, అలకా అమ్మ వంతు. అమెరికాలోనూ యిదే తంతు సాగిందనీ, దానికి విరుగుడుగా ఒక ఏర్పాటు చేసుకున్నారనీ ఆమధ్య మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు తెలిసింది.

1926లో సెయింట్ లూయిస్ వై.ఎం.సి.ఏ.లో పనిచేసే హెరాల్డ్ కెల్ట్నర్, జో ఫ్రైడే అనే ఒజిబ్వే తెగ వేటగాడితో కలిసి తండ్రీ కొడుకుల కోసం సంఘం ప్రారంభించాడు. తమ తెగలో మగపిల్లవాణ్ణి తండ్రి వెంట తిప్పుకుని పెంచుతాడనీ, తెల్లవాళ్లు అంతా తల్లికే వదిలేస్తారనీ ఫ్రైడే అన్నాడట. కూతుళ్ల వంతు 1954లో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో గాని రాలేదు. అక్కడా కొడుకులే ముందన్నమాట!

కొన్ని జంటలు కలిస్తే ఒక 'తెగ'. దానికొక పేరు, ఒక డప్పు. తండ్రి 'పెద్ద ఎలుగు' అయితే కూతురు 'చిన్న ఎలుగు'. వంతులవారీగా ఒకరింట్లో కలుసుకోవటం, ఏడాదిలో కొన్నిసార్లు అడవిలో గుడారాలు వేసుకోవటం. ముక్కూ మొహం తెలియనివాళ్లను ఒక జట్టుగా చేయటానికి యీ వేషం బాగానే పనిచేసింది. అయితే ఆ ఈకలూ పేర్లూ ఎరువు సొమ్ము. అసలు హక్కుదారులు, మా పూజ్యమైన వస్తువులు మీకు ఆటబొమ్మలా అని అభ్యంతరం చెప్పారు. న్యాయమే కదూ! 2003లో వై.ఎం.సి.ఏ. ఆ పేరు మార్చింది. తెగ కాస్తా 'వలయం' అయింది. కొన్ని జట్లు మాత్రం విడిపోయి పాత పద్ధతినే పట్టుకున్నాయి.

ఈకలు కట్టుకున్న తండ్రుల పాత ఫోటో చూసి మా మనవరాలు, "అమ్మమ్మా, వీళ్లు ఇండియన్లయితే మనమెవరం?" అంది. కొలంబసు పొరపాటుకు ఎనిమిదేళ్ల పిల్లకు సమాధానం చెప్పటం నా తరమా? వాళ్ల నాన్న మీదికి తోసేశాను.

ఈకలు లేకపోతే జట్టు నిలుస్తుందా అని నాకూ అనుమానమే. మా అల్లుడుగారి వలయానికి మొదట పెద్దలు ఏదో పేరు పెట్టారట. అది ఒక్క పిల్లకూ గుర్తు లేదు. తొలి మజిలీలో అర్ధరాత్రి వాన కురిసి, మేకులు సరిగ్గా దిగక మా అల్లుడుగారి గుడారం అందరికంటే ముందు కూలింది. తండ్రులూ కూతుళ్లూ అంతా వంటపాకలో చేరి, తడిసిన రొట్టెలు తింటూ తెల్లవార్లూ మేలుకున్నారు. పొద్దున ఆయన వేసిన జడ చూస్తే మా అమ్మాయి ఏమనేదో గాని, పిల్ల దాన్ని రెండురోజులు విప్పనివ్వలేదు. ఆనాటినుంచి వాళ్లు 'కూలిన గుడారం' వాళ్లు! పాత దుప్పటి మీద ఒరిగిన గుడారం బొమ్మ వేసి జెండా కూడా చేసుకున్నారు.

చిక్కల్లా తర్వాత వచ్చింది. కొత్తగా ఒక పిల్ల తండ్రితో చేరింది. జెండా చూసి అందరూ పకపకా నవ్వుతుంటే, ఆ పిల్ల మాత్రం తండ్రి చెయ్యి వదలకుండా, "ఆ రాత్రి మేము లేముగా" అంది. పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. జట్టు ఎంత గట్టిపడితే బయటివాడికి గుమ్మం అంత ఎత్తవుతుంది మరి.

ఉపాయం పిల్లలకే తోచింది. ఆ సమావేశం మా అమ్మాయి ఇంట్లోనే. పెరట్లో గుడారం వేయించి, ఆ తండ్రినీ కూతుర్నీ లోపల కూర్చోబెట్టి, మొక్కలకు నీళ్లుపెట్టే గొట్టంతో పైనుంచి వాన కురిపించారు. మేకులు పీకిన పని మా మనవరాలిది. తడిసిన గుడ్డ కిందనుంచి ఆ పిల్ల నవ్వు వీధిలోకి వినపడింది. జలుబు చేస్తుందని మా అమ్మాయి లోపలినుంచి తువ్వాళ్లు పట్టుకుని పరుగెత్తింది గాని, అప్పటికే మా అల్లుడుగారు ఆరిపోయిన రొట్టెలు వెతికి మరీ తడుపుతున్నారు.