ఇంటి సామాను - అంతర్జాలపు వేలము

వేలమను మాట వినినంతనే తెలుగు గృహస్థునకు సిగ్గును భయమును కలుగుట సహజము. అప్పు తీర్పజాలనివాని యింటికి కోర్టు అమీను వచ్చి, సామాను జప్తుచేసి, నలుగురియెదుట పాట పెట్టించుటయే మన పెద్దలెఱిగిన వేలము. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను వంటపాత్రలను, పడకలను, కట్టుబట్టలను జప్తునుండి మినహాయింపవలసి వచ్చినదనగా ఆ యవమానమెట్టిదో యూహింపవచ్చును. నేడా వేలము వేఱొక రూపమున గృహస్థుని చేతికే వచ్చినది. తనకక్కఱలేని వస్తువును తానే అంతర్జాలమున పాటకు పెట్టి, కావలసినవానికి తగిన ధరకిచ్చుట దారిద్ర్యలక్షణము కాదు, పొదుపు. మనవారు దీనిని నేర్వవలసియున్నదని మా యభిప్రాయము.

అటకలమీద చూడుడు. అమ్మమ్మలనాటి ఇత్తడి గంగాళములు, కంచు చెంబులు, పందిరిమంచములు, చేతికుట్టు మిషనులు, రేడియోలు దుమ్ముకొట్టుకొని పడియున్నవి. కుటుంబము పట్టణమునకు తరలినప్పుడు వానిని పాతసామానులవానికి తూకమునకిచ్చుచున్నారు. లేదా స్టీలుగిన్నెకు మారకము చేయుచున్నారు. బుడితి కంచుపనివాని నేర్పునకుగాని, పెంబర్తి లోహశిల్పి నకిషీకిగాని త్రాసులో విలువలేదు. ఆ నేర్పు నెఱిగి కోరువాడు వేఱొకయూర నుండవచ్చును. అతని నమ్మకందారునితో కలుపుటయే వేలముచేయు నుపకారము.

బేరమున్నది గదా, వేలమేల యని కొంద ఱడుగవచ్చును. బేరమున కొన్నవాడొక్కడు, అమ్మువాడొక్కడు. ఎవని యవసర మెక్కువయో వాడు తగ్గవలెను. ఇల్లు ఖాళీచేయువాని యవసరమే సాధారణముగా నెక్కువ. వేలమున కొన్నవారు తమలో తాము పోటీపడుదురు. అమ్మువాని తొందర వారికి తెలియదు. ధర నిర్ణయించునది వస్తువును కోరువారి కోరికయేగాని, అమ్మువాని యగత్యము కాదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1995లో పియర్ ఒమిడ్యార్ అనునతడు కాలిఫోర్నియాలో నారంభించిన వేలపు అంగడియే తరువాత ఈబే యైనది. అందు మొదట నమ్ముడుపోయినది పనిచేయని లేజరు పాయింటరు. దానికి వచ్చినది 14 డాలర్ల 83 సెంట్లు. చెడినవస్తువునకు సైతము కోరువాడుండునని దానివలన తేలినది. ఆ సంస్థ 2004లో మనదేశపు బాజీ డాట్ కామ్‌ను కొని యిచట ప్రవేశించినది. 2017లో దాని భారతశాఖ ఫ్లిప్‌కార్టు వశమైనది. 2018 ఆగస్టులో దేశీయ విక్రయము మూతపడినది. నేడీ దేశమున ఈబే ముఖ్యముగా విదేశములకు సరకు పంపు వర్తకులకే యుపయోగపడుచున్నది. అమెరికాలోని తెలుగువారు ఇల్లు మారునప్పుడు వాడుకొనగల సౌకర్యము విజయవాడ గృహిణికిగాని, వరంగల్లు గృహిణికిగాని లేదు. విదేశీయులు తెఱచినప్పుడు తెఱువబడి, వారు మూసినప్పుడు మూయబడు అంగడిపై నాధారపడుట మనకు గౌరవము కాదు.

కావున మన కాలనీ సంఘములును, పొదుపు సంఘములును ఈ పనికి పూనుకొనవలయును. ఫోను సందేశముల బృందములు లేని వీధి నేడు లేదు. నెలకొకమాఱు వారముదినముల గడువుతో పాట పెట్టుట కధికవ్యయ మక్కఱలేదు. అంతర్జాలమున నెచ్చట నమ్మినను పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. మొదట పగిలిపోని చిన్నవస్తువును పెట్టి పద్ధతి నేర్వవలయును. ఇతరు లడుగుచున్న ధరనుగాక, అట్టి వస్తువులు నిజముగా నమ్ముడైన ధరను విచారింపవలయును. పగటివెలుతురులో ఛాయాచిత్రములు తీసి, బరువును, కొలతలను, ముఖ్యముగా లోపములను వ్రాయవలయును. సొట్టను దాచిన చిత్రము ఒకసారి ధర తెచ్చును. రెండవసారి పాటగాండ్రను తేదు. పొరుగూరికి పంపదగినదైనచో కట్టుదిట్టముతో సహా ముందే తూచి, రవాణాఖర్చు తెలుపవలయును. సర్కారుపాట మిక్కిలి తక్కువైనచో జనము చేరుదురు నిజమే. కాని ఒక్కడే వచ్చినచో వస్తువా ధరకే పోవును. ఏ ధరకు తక్కువైన నీయజాలమో ఆ ధరనుండియే పాట ప్రారంభించుట క్షేమము.

నిజాయితీ యిందు ధర్మము మాత్రమే కాదు, చట్టము కూడ. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 64వ సెక్షను ననుసరించి, ముందుగా తెలుపక అమ్మకందారు తానుగాని తనవారిచేతగాని పాట పాడింపరాదు. అట్టి దొంగపాట బయటపడెనేని కొన్నవాడు దానిని మోసముగా నెంచవచ్చును. బావమఱదిచేత ధర పెంచించుట చమత్కారమని తలంచువారు దీనిని గమనింతురుగాక.

అమ్మువానిని మోసగించువారును కలరు. సొమ్ము పంపుచున్నామని చెప్పి, ఫోనుమీద చతురపు గుర్తును చూపించి, రహస్యసంఖ్య నొక్కుమని తొందరపెట్టుదురు. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్యతో నెన్నడును పనిలేదు. దానిని నొక్కినచో ఖాతానుండి సొమ్ము పోవునేగాని రాదు. ఈ యొక్కమాట ప్రతియింటను తెలిసినచో ననేకుల కష్టార్జితము నిలుచును. మోసపోయినవారు సిగ్గుపడి యూరకుండక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలసించినకొలది సొమ్ము చేతులుమారి దొరకకుండ పోవును.

ధరకట్టరానివియు మన యిండ్లలో గలవు. 1972 నాటి చట్టము చొప్పున నూఱేండ్లు నిండిన శిల్పములు, నాణెములు మొదలగునవియు, 75 ఏండ్లు నిండిన చారిత్రక, సాహిత్య విలువగల వ్రాతప్రతులును పురావస్తువులు. లైసెన్సు లేక వానితో వర్తకము చేయుటయు, వానిని దేశము దాటించుటయు నేరము. తాటాకు గ్రంథము అటకమీద దొరకినవారు దానిని పాటకు పెట్టక, 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములకో, ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములకో చూపింతురుగాక. గంగాళము పోయినచో మఱియొకటి దొరకును. తాతలు వ్రాసిన యక్షరము మరల దొరకదు.

వస్తువు నూరక పడవేయుటయు, తూకమునకిచ్చి కరగించుటయు దేశసంపదను వృథచేయుటయే. అక్కఱలేనివాని యింటినుండి అక్కఱగలవాని యింటికి దానిని మర్యాదగా చేర్చుట స్వదేశీధర్మమున నొకభాగము. సంఘములు ముందుకు వచ్చి, సత్యమైన వర్ణనము, సక్రమమైన పాట, సకాలమున చెల్లింపు అను మూడు నియమములతో నీ కార్యము నారంభించినచో, వేలమను మాటకంటిన యపకీర్తి మన తరముననే తొలగగలదు.