పోస్టరు మీద 5జి!

మొన్న శంకరపల్లి దగ్గర ఓ షూటింగుకి వెళ్లాను. లైట్లు సర్దుతుండగా ఓ కుర్ర అసిస్టెంట్ డైరెక్టరు పక్కన చేరి, "అన్నా, వచ్చే ఫోన్లో కొత్త మోడెమ్ పెడుతున్నారట, నిజమేనా? నా పాతది అమ్మేద్దామని చూస్తున్నా" అన్నాడు. హీరోగారి తర్వాతి సినిమా గురించి ఒక్క ముక్క అడగలేదు సుమండీ!

ఇదివరకు ముహూర్తం కాని సినిమాల మీద భోగట్టాలుండేవి. ఇప్పుడు విడుదల కాని ఫోన్ల మీద కూడా! పోస్టరులో ఉన్నదంతా తెర మీద ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు, అక్కడా ఇక్కడా.

2020 ముచ్చటే చూడండి. ఐఫోన్ 12 రాకముందు నెలల తరబడి ఒకటే గుసగుసలు. 5జి ఉంటుందట. మిల్లీమీటర్ వేవ్ అనే మహా వేగపు తరంగాలను అందుకునే యాంటెన్నా కూడా ఉంటుందట. కాదు, కొన్నింటికేనట! అక్టోబరులో గుట్టు వీడింది. నాలుగు మోడళ్లలోనూ 5జి ఉంది. మిల్లీమీటర్ వేవ్ మాత్రం అమెరికాలో అమ్మిన వాటికే. మనకది లేనందుకు పెద్దగా విచారించక్కర్లేదు లెండి. ఆ తరంగాలు వేగంలో చిచ్చరపిడుగులే గాని, గోడ అడ్డొస్తే చతికిలబడతాయి.

మరి డబ్బు పోసి కొన్న ఆ 5జి మాటేమిటి? మన దేశంలో 5జి మొదలైందే 2022 అక్టోబరు 1న! అప్పుడైనా ఐఫోన్లలో వెంటనే పలకలేదు. డిసెంబరులో ఐఓఎస్ 16.2 వచ్చాకే మోక్షం. హీరో మేకప్ వేసుకుని రెండేళ్ల పైచిలుకు సెట్లో కూచున్నాడన్నమాట, కెమెరా తిరగలేదు. 2008 ఆగస్టులో ఐఫోన్ 3జి మన దగ్గరకొచ్చినప్పుడూ ఇదే వరస. పేరులో 3జి, ఊళ్లో లేదు 3జి! ఢిల్లీలో ఎం.టి.ఎన్.ఎల్. ఆ సేవ మొదలుపెట్టింది డిసెంబరులో.

నా భాగోతమూ చెప్పుకోవాలి. 2021 చివర్లో వదంతులు నమ్మి నేనూ ఓ 5జి ఫోన్ కొన్నాను, ఇరవై నాలుగు వాయిదాల మీద. కంపెనీ పేరు దేనికి లెండి. తీరా 2023లో తెలిసింది, అందులో ఉన్నది ఒకే ఒక్క 5జి బ్యాండు, ఎన్78. అంటే 3500 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. దూరం పోయి గోడల్లోనూ దూరే 700 మెగాహెర్ట్జ్‌ది, ఎన్28, లేదు. ఓ రాత్రి ఊరి బయట సెట్టు నుంచి ఇంటర్వ్యూ వీడియో పంపాలి. పక్కాయన ఫోన్లో 5జి వెలుగుతోంది. నాది 4జిలో నత్తనడక. తెల్లవారుజామున చేరిందది. అప్పటికి వేరొకరిది వేసేశారు. నా పారితోషికం గోవిందా! వాయిదా మాత్రం ఐదో తారీఖుకి ఠంచనుగా కోసుకున్నారు.

అందుకే ఆ కుర్రాడితో అన్నాను: "తమ్ముడూ, మోడెమ్ ఎవరు చేశారన్నది డైరెక్టరు పేరులాంటిది, కథ వేరే ఉంటుంది. యాపిల్ 2019లో ఇంటెల్ మోడెమ్ విభాగం కొన్నప్పటి నుంచీ సొంత మోడెమ్ అదిగో ఇదిగో అన్నారు. వచ్చింది 2025 ఫిబ్రవరిలో, ఐఫోన్ 16ఇలో. అందులో మిల్లీమీటర్ వేవ్ ఊసే లేదు. ఫోన్ విడుదల కానీ. ఒకే పేరుతో దేశానికో రకం అమ్ముతారు గనక మోడల్ నంబరు చూడు. ఆ నంబరుకి ఏయే బ్యాండ్లున్నాయో, మీ ఇంటి దగ్గర నీ సిమ్ వాళ్లు ఏవి వాడుతున్నారో సరిచూసుకో. పాతది అమ్మడం ఆ తర్వాత."

శ్రద్ధగా తలూపాడు. ఇంతలో "సైలెన్స్!" అని కేక. కుర్రాడు ఫోన్ జేబులో దోపుకుంటూ నా చెవిలో గొణిగాడు:

"లైట్‌బోయ్ దగ్గర పొద్దున్నే అడ్వాన్సు తీసేసుకున్నానన్నా!"