పావగడ నుంచి పగడాల దాకా

కర్ణాటక పర్యాటక శాఖ అధికారులకు,
పావగడ తాలూకా బలసముద్రం నుంచి ఒక మనవి.

మా ఊరి పేరులోనే సముద్రం ఉంది. మా సీమలో పెద్ద చెరువునే సముద్రమన్నారు, బుక్కరాయసముద్రమనే ఊరి పేరూ అలాంటిదే. అసలు కడలిని చూడని పిల్లలు మా కరువు తాలూకాలో ఎందరో.

మన రాష్ట్రంలోనే, మురుడేశ్వర్ తీరానికి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో నేత్రాణి దీవి ఉంది. దాని చుట్టూ నీళ్లలో పగడాలున్నాయి. పగడం రాయి కాదు, ప్రాణి. సముద్రపు అడుగున ఒక్క శాతం కూడా ఆక్రమించని పగడపు దిబ్బలు, కడలి జీవజాతుల్లో దాదాపు పావు వంతుకు ఆసరా. ఈ సంగతిని పుస్తకంలో పది పుటలు చదివినా ఒక్క చూపుతో సమానం కాదు.

దారి ఖర్చు పెద్ద అడ్డు కాదు. 2023 జూన్ నుంచి శక్తి పథకంలో ఆడపిల్లలకు, తల్లులకు సాధారణ ప్రభుత్వ బస్సు ఉచితం. బెంగళూరు నుంచి మురుడేశ్వర్‌కు రైలుంది. భారమంతా పడవ దగ్గరే: నీళ్లలో దిగి పగడాలు చూసే డైవింగ్‌కు మనిషికి వేలల్లో అవుతుంది. కూలికెళ్లే ఇల్లు అంత పెట్టలేదు.

అందుకే మూడు మనవులు. ప్రభుత్వ బడి పిల్లల కర్ణాటక దర్శన యాత్రలో మురుడేశ్వర్‌ను చేర్చండి. వానాకాలం పోయాక, పడవలు తిరిగే నెలల్లో విద్యార్థులకు రాయితీ ఇప్పించండి. నీళ్లలో దిగలేని పిల్లలకు ఒడ్డునే పగడాల వీడియో గది పెట్టండి. పగడాన్ని తాకకూడదని, విరవకూడదని ముందే నేర్పి పంపే పూచీ మా పెద్దలది.

ఊరి పేరులోని సముద్రాన్ని మా పిల్లలకు ఒక్కసారి కళ్లారా చూపించండి.

ఇట్లు,
బలసముద్రం గ్రామస్థుడు