చేసి చూద్దాం: సత్తు గిన్నెకు తుప్పు పడుతుందా?

పిల్లలూ,

కిందటి నెల విమానపు నమూనా ముక్కలు అతికించడం నేర్చుకున్నాం. ఈ నెల దానికి రంగు వేద్దాం. రంగు వేసి ఊరుకోకుండా, వేసిన రంగును మళ్ళీ మనమే మాపుదాం! "శుభ్రంగా ఉన్నదాన్ని ఎవరైనా చేతులారా మాపుకుంటారా?" అని మీ అమ్మమ్మ కోప్పడవచ్చు. ఆమెకు ఇలా చెప్పండి: యుద్ధంలో ఎగిరిన విమానం ఎండకు వెలిసిపోతుంది, పొగకు మసిబారుతుంది, మనుషులు ఎక్కి దిగిన చోట అరిగిపోతుంది. ఆ గుర్తులు ఉంటేనే మన బొమ్మ నిజమైన విమానంలాగా కనిపిస్తుంది. అయితే ఈ పనికి ఒక నియమం ఉన్నది. దాన్ని నాకు నేర్పినది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి. ఆ సంగతి చెప్పబోయే ముందు, మనం రంగు వేసే విమానం ఎవరిదో తెలుసుకుందాం.

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఎప్పుడైనా నిలబడ్డారా? 1947కు ముందు ఆ నది రెండు ప్రభుత్వాల మధ్య పారేది. భద్రాచలం ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలో ఉండేది. అవతలి ఒడ్డున బూర్గంపాడు, దానికి వెనక ఖమ్మం, నిజాం రాజ్యంలో ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇంగ్లీషువారికి యుద్ధ విమానాల కోసం డబ్బు ఇచ్చాడు. ఆ డబ్బుతో కొన్న విమానాలు 110వ దళానికి వెళ్ళాయి. వాటి మీద "ఇది హైదరాబాదు నిజాం ఇచ్చినది" అని రాశారు. ఆ దళానికి హైదరాబాదు పేరే పెట్టారు. ఆ విమానాలలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనుల చేతికి చిక్కింది. చాలాకాలం బెర్లిన్ మ్యూజియంలో ఉండి, తరువాత పోలండు చేరి, చివరికి 1977లో లండను మ్యూజియానికి వచ్చింది. మన హైదరాబాదు పేరు మోస్తూ అది ఇప్పటికీ అక్కడ ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ దళానికి కూడా హైదరాబాదు పేరు వచ్చింది. దాని చిహ్నం ఏమిటో తెలుసా? నిజాం తలపాగా! ఆ దళంలోవి స్పిట్‌ఫైర్ విమానాలు. 1940లో అవి దక్షిణ ఇంగ్లండులోని వార్మ్‌వెల్ అనే చోటినుంచి లేచి, జర్మను విమానాలతో పోరాడాయి. 1944, 1945లలో ఆ దళం బర్మా రంగంలో యుద్ధం చేసింది. మనం రంగు వేయబోయేది 1940 నాటి స్పిట్‌ఫైరుకు. విమానాలకు డబ్బు నిజాం ఇచ్చాడని పుస్తకాలలో ఉంటుంది. నిజాం ఖజానాలోకి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పొలం దున్ని శిస్తు కట్టినవాళ్ళ దగ్గరినుంచి గదా! కనుక ఆ రెక్కలలో ఒకటి రెండు రివెట్లు మన తాతముత్తాతలవి అనుకున్నా తప్పులేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో, అడవి అంచున ఒక బడిలో ప్రదర్శన పెట్టాం. నా మిత్రుడొకడు హైదరాబాదునుంచి రెండు ప్లాస్టిక్ స్పిట్‌ఫైర్ నమూనాలు తెచ్చి ఇచ్చాడు. ఒకటి ఒక అబ్బాయికి, ఒకటి ఒక అమ్మాయికి ఇచ్చాను. నెల తిరిగేసరికి రెండూ బల్లమీదికి వచ్చాయి. అబ్బాయి విమానం చూడగానే అందరూ "అబ్బో!" అన్నారు. ఒళ్ళంతా తుప్పు, బురద, మసి, గుండు దెబ్బలు! అమ్మాయి విమానం మీద నాలుగైదు చిన్న మరకలే ఉన్నాయి. ఆ పిల్ల సగంలో పని ఆపేసిందనుకుని, నేను అబ్బాయికి మొదటి బహుమతి ఇచ్చాను.

అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, విమానం దేనితో చేస్తారు?" అని అడిగింది.

"అల్యూమినియంతో," అన్నాను.

"మా అమ్మ పదేళ్ళనుంచి సత్తు గిన్నెలో అన్నం వండుతున్నది, సార్. దానికి మసి పట్టింది, సొట్టలు పడ్డాయి. తుప్పు మాత్రం పట్టలేదు," అన్నది.

నాకు నోట మాట రాలేదు. సత్తు అంటే అల్యూమినియమే. తుప్పు పట్టేది ఇనుము. అల్యూమినియానికి గాలి తగలగానే పైన పలుచని గట్టి పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఈ పాఠం నేనే ఏటేటా తరగతిలో చెప్పేవాణ్ణి! ఆ అమ్మాయి తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. "బండి మురికిగా రోడ్డెక్కితే మా నాన్న ఊరుకోడు, సార్. విమానానికి కూడా మెకానిక్కులు ఉంటారు గదా! వాళ్ళు తుడవరా?" అన్నది.

తుడిచేవారు. రాత్రింబవళ్ళు తుడిచేవారు. విమానం ఒళ్ళు ఎంత నున్నగా ఉంటే గాలిలో అంత వేగంగా పోతుంది. ఆ కొద్దిపాటి వేగం మీదే పైలటు ప్రాణం ఆధారపడి ఉండేది. ఒళ్ళంతా మురికి పూసిన విమానం ఆ మెకానిక్కుల మీద అబద్ధం చెప్పినట్టే. ఆ రోజు నేను నేర్చుకున్న నియమం ఇది: కారణం లేని మరక వేయకూడదు. ప్రతి మరకనూ "నువ్వు ఎలా వచ్చావు?" అని అడగాలి. జవాబు లేకపోతే తుడిచేయాలి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. గాలి వచ్చే చోట కూర్చోండి. బల్లమీద పాత కాగితాలు పరవండి. నీళ్ళలో కలిసే రంగులు, సన్నని కుంచెలు, మెత్తని గుడ్డ, ఒక పెన్సిలు, చిన్న స్పాంజి ముక్క దగ్గర పెట్టుకోండి.

ముందు అసలు రంగు. విమానం పైభాగాన మట్టిరంగు, ముదురాకుపచ్చ పెద్ద పెద్ద మడతలుగా వేయండి. పైనుంచి చూసే శత్రువుకు అది పొలాలలో కలిసిపోవాలి. అడుగుభాగాన లేత ఆకుపచ్చ కలిసిన ఆకాశపు రంగు వేయండి. రంగులలో ఒక్కొక్క చుక్క తెలుపు కలపండి. ఎందుకంటారా? మన నమూనా అసలు విమానంలో 72వ వంతు. దాన్ని అడుగు దూరంనుంచి చూస్తే అసలు విమానాన్ని 72 అడుగుల దూరంనుంచి చూసినట్టు. దూరం పెరిగినకొద్దీ రంగు పాలిపోతుంది. దగ్గర పచ్చగా ఉన్న పాపికొండలు దూరాన లేత నీలంగా కనిపించడం మీరు చూసే ఉంటారు.

లెక్క కూడా మరిచిపోకండి. అసలు రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకు 36 అడుగుల 10 అంగుళాలు. మన నమూనాలో అవి సుమారు 6 అంగుళాలు. నమూనా మీద 1 మిల్లీమీటరు గీత గీస్తే, అసలు విమానం మీద అది 7 సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న గాయం! కనుక ఏ గుర్తయినా సన్నగా, చిన్నగా ఉండాలి.

రంగు బాగా ఆరిన తరువాత నలుపు, గోధుమరంగు కలిపి, బాగా నీళ్ళు పోసి పలుచన చేయండి. రేకులు కలిసే సన్నని గాడులలో దాన్ని కుంచె కొసతో వదిలి, పైన మిగిలినది గుడ్డతో తుడవండి. గాడులలో మాత్రమే నీడ నిలుస్తుంది.

ఇక ఒక్కొక్క మరకనూ పిలిచి అడుగుదాం.

మొదటిది పొగ. ఇంజను పొగగొట్టాలు ముక్కుకు రెండు పక్కలా ఉంటాయి. విమానం ముందుకు పోతుంటే గాలి వెనక్కు తోస్తుంది గనక, మసి చార ముందునుంచి వెనక్కు, పోనుపోను పలచబడుతూ పోవాలి. కట్టెబొగ్గును మెత్తగా నూరి, పొడి కుంచెతో అద్దండి. ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. అది కాలి బూడిదరంగు పొడి మిగిలేది. కనుక నల్లని చార మీద కాస్త సుద్దపొడి కూడా అద్దండి. పొగగొట్టాలు మాత్రం ఇనుప జాతివి, కాలి కాలి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ అబ్బాయి పూసిన తుప్పురంగుకు విమానంలో చోటు ఇక్కడే!

రెండవది అరుగుదల. మన ఎర్రబస్సు ఎక్కేటప్పుడు మెట్టు చూడండి. మధ్యలో రంగు పోయి మెరుస్తుంది, మూలల్లో ఉంటుంది. స్పిట్‌ఫైరులో పైలటు ఎక్కే చిన్న తలుపు ఎడమపక్క ఉంటుంది. కనుక ఎడమ రెక్క మొదట్లో అరుగుదల ఎక్కువ. అక్కడ పెన్సిలు కొసతో మెల్లగా రుద్దితే లోహంలా మెరుస్తుంది. తోకమీది చుక్కాని మాత్రం గుడ్డతో కప్పినది. అక్కడ లోహం మెరవకూడదు సుమా!

మూడవది తుపాకి మసి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 1940 నాటి స్పిట్‌ఫైర్ రెక్కలలో ఎనిమిది మరతుపాకులు ఉండేవి. మట్టి, తేమ లోపలికి పోకుండా వాటి మూతుల మీద ఎర్రగుడ్డ ముక్కలు అంటించేవారు. కాల్చితే మొదటి గుండు ఆ గుడ్డను చించుకుని పోయేది, రెక్క అడుగున మసి చార పడేది. విమానం తిరిగి వస్తుంటే కింద ఎదురుచూసే మెకానిక్కులు ముందు ఆ గుడ్డలే చూసేవారు. గుడ్డ చిరగకపోతే పోరాటం జరగలేదు. చిరిగితే జరిగింది. కనుక మీరు ముందే నిర్ణయించుకోవాలి: మీ విమానం పోరాడి వచ్చిందా, లేదా? ఎర్రగుడ్డలు అలాగే ఉంచి, రెక్క అడుగున మసి పూశారంటే మీ విమానం అబద్ధమాడుతున్నదన్నమాట. ఆ అమ్మాయి విమానానికి ఒక రెక్కమీద గుడ్డలు చిరిగి, అడుగున నాలుగు సన్నని చారలు ఉన్నాయి. ఆమె వేసిన మరకలు అవే. నేను వాటిని చదవలేకపోయాను.

నాలుగవది మట్టి. చక్రాలకు మన చెలక ఎర్రమట్టి పూయాలని చేతులు ఉరుకుతాయి. కాని వార్మ్‌వెల్ పచ్చికమైదానం. అక్కడ మన మట్టి ఎక్కడినుంచి వస్తుంది? టైర్లకు కొద్దిగా గోధుమరంగు చాలు.

ఇంకొక విచిత్రం వినండి. ఇంగ్లీషు విమానాల గుండ్రటి గుర్తులో నడుమ ఎర్రచుక్క ఉండేది. బర్మా రంగంలో ఆ ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యుడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి ఆ గుర్తున్న విమానాలే. ఆకాశంలో ఎర్రచుక్క కనిపించగానే తొందరపడి తమవాళ్ళనే కాల్చే ప్రమాదం ఉన్నది. ఒక చుక్క రంగు మనిషి ప్రాణం తీయగలదు, కాపాడగలదు. బొమ్మకు రంగు వేసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. అసలు విమానంలో కూర్చున్నవారిలో చాలామంది ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు. అందరూ తిరిగి రాలేదు.

మర్నాడు ప్రార్థన సమయంలో, తీర్పు చెప్పడంలో నేను పొరపాటు చేశానని పిల్లలందరి ముందు ఒప్పుకున్నాను. అబ్బాయి బహుమతి వెనక్కు తీసుకోలేదు. అతడు శ్రద్ధగానే పని చేశాడు, తప్పు నాది. అమ్మాయికి ఒక రంగులపెట్టె కొని ఇచ్చాను. ఆ సాయంత్రమే వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని, అబ్బాయి విమానం మీది తుప్పును తడిగుడ్డతో తుడుస్తూ కనిపించారు.

ఈ నెల మీకు ఒక పని. రంగు ముట్టుకునే ముందు మీ ఊళ్ళో ఒక పాత బస్సును గాని, ట్రాక్టరును గాని, బొగ్గు లారీని గాని పావుగంట చూడండి. పది మరకలు రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన కారణం రాయండి. కారణం తోచకపోతే డ్రైవరునో మెకానిక్కునో అడగండి. వాళ్ళు మీ విమానానికి మంచి గురువులు.

వచ్చే నెల ఈ విమానం నిలపడానికి పచ్చికమైదానం తయారుచేద్దాం. రంపపుపొట్టు పారేయకుండా దాచి ఉంచండి.