తాత పిస్టలును ఉన్నట్టే ఉండనిద్దాం

ఈసారి ఆయుధ పూజకు మదురైలో పెదనాయన ఇంట్లో అందరమూ చేరినాము. కోయంబత్తూరు నుండి రెండు కార్లు వచ్చినాయి, బెంగుళూరు నుండి మేము పోయినాము. పూజ గదిలో కొడవలి, పార, చిన్నాయన తెచ్చిన మైక్రోమీటరు, మా లాప్‌టాపు, వీటి నడుమ ఎర్ర గుడ్డ మీద తాత పిస్టలు. బొట్టు పెట్టేటప్పుడు జేజి ఎప్పుడూ దాని గొట్టాన్ని గోడ పక్కకు తిప్పి పెడుతుంది. ఆమెకు ఎవురూ నేర్పలేదు. తుపాకి పట్టేవాళ్ళకు మొదట చెప్పే పాఠం అదేనని ఆమెకు తెలియదు కూడా.

పూజ అయినాక ఆకుల ముందర కూర్చున్నప్పుడు మాట లేసింది. డల్లాసులో ఉండే తమ్ముడు వీడియో కాల్‌లో పిస్టలును చూసి, "ఇంకా అట్లాగే పెట్టుకున్నారా పెదనాయనా? ఇక్కడైతే కొన్న వారానికే ట్రిగ్గరు మార్చేస్తారు, లేజరు తగిలిస్తారు" అన్నాడు. పెదనాయనకు ఆశ పుట్టింది. బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం ఆయనది, రాత్రిళ్ళు మదురైకి తిరిగొచ్చేటప్పుడు పిస్టలు నడుముకు ఉంటుంది. ట్రిగ్గరు గట్టి, పిడి చెమటకు జారుతుంది, గురి చూసే ముల్లు ఈ వయసులో కనబడదు, ఇవీ ఆయన చెప్పిన కష్టాలు. చిన్నాయన చెయ్యి కూడా కడగకుండా, "మన పట్టరైలో ఒక పూట పని అన్నా, ఇచ్చి పో" అనేసినాడు.

మేము వద్దన్నాము. ఆ గోలలో మా మాట ఎవురి చెవినా పడలేదు. అందుకే ఇక్కడ రాస్తా ఉన్నాము. నాయన మైసూరు దగ్గర మిల్లులో ఉన్నందున మా బడి చదువంతా కన్నడంలోనే జరిగింది, తెలుగు అక్షరాలు పెద్దయినాక కూడబలుక్కుని నేర్చుకున్నాము. తప్పులుంటే పెద్దలు దిద్దుకోవాల.

ముందుగా ఆ వస్తువు గురించి. అది .32 వెబ్లీ అండ్ స్కాట్, బర్మింగ్‌హాములో చేసిన 1908 మోడలు. లండను పోలీసులు 1911లో తీసుకున్నది ఈ జాతినే. మేగజినులో ఎనిమిది తూటాలు పడతాయి. బరువు అర కిలో మీద కొంచెం. జుబ్బా కింద ఉంటే బయటికి తెలియదు. 1958లో నీలగిరి టీ తోట దొర ఒకాయన సీమకు పోతా పోతా అమ్మితే తాత కొన్నాడు. అప్పుడు తాతకు కోయంబత్తూరు పక్కన పత్తి జిన్నింగు ఉండేది. శనివారం శనివారం కూలి డబ్బు బ్యాంకు నుండి సంచిలో తెచ్చేది ఆయనే. ఆ దోవలో పిస్టలు పక్కన ఉండేది గానీ, మనిషి మీద దాన్ని ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని పడలేదని తాత గొప్పగా చెప్పుకునేవాడు.

చిన్నాయన మాటను మేము తప్పుగా అనుకోలేదు. కోయంబత్తూరు మనోళ్ళ రక్తంలోనే ఉంది ఈ గుణం. కొన్న మిషనును కొన్నట్టే పెట్టుకుంటే చెయ్యి ఊరుకోదు. మన కలంగల్ ఊరి జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి–పళని దోవలో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, రేజరు దాకా ఎన్నిటిని విప్పి, చూసి, కొత్తగా చేసినారో మీకు తెలుసు. మోటారు పంపు, తడి పిండి గ్రైండరు, అన్నీ అట్లా లేతుల ముందర పుట్టినవే. ఆ ఊరివాడి చేతికి గట్టి ట్రిగ్గరు ఇస్తే వాడు మెత్తన చేయకుండా ఎట్లా ఉంటాడు?

అయితే గ్రైండరు మార్చితే తప్పు జరిగినప్పుడు పిండి మెదగదు, అంతే. మరునాడు మళ్ళీ విప్పుకోవచ్చు.

మా ఇంట్లోనే ఇది ఒకసారి జరిగింది. తాతకు ముసలితనం వచ్చి స్లైడు వెనక్కి లాగే బలం చాలలేదు. ఈ మోడలులో స్లైడును ముందుకు తోసేది చుట్ట స్ప్రింగు కాదు. కుడి పక్క పిడి చెక్క కింద ఇంగ్లీషు వి అక్షరం మాదిరి వంగిన పట్టీ స్ప్రింగు ఉంటుంది. తెలిసినవాళ్ళు ఒకరు దాన్ని సాన మీద కొంచెం అరగదీసి పల్చన చేసిచ్చినారు. స్లైడు వెన్న మాదిరి వచ్చింది. తాత మురిసిపోయినాడు. ఏడాది కడుపులో పెట్టుకొని తిరిగినాడు. తరవాత రైఫిల్ క్లబ్బులో కాల్చి చూస్తే మొదటి తూటా పోయింది, రెండోది సగం లోపల, సగం బయట నిలబడిపోయింది. మళ్ళీ కాల్చినా అదే. ఆ ఏడాదంతా తాత కట్టుకు తిరిగింది ఒక్క తూటా పిస్టలన్నమాట, ఆయనకు తెలియకుండా. సరైన స్ప్రింగు కోసం కలకత్తా తుపాకి కొట్టు దాకా జాబులు రాసి, నెలల తరబడి కాచుకోవాల్సి వచ్చింది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. మా ఆఫీసులో ఎవురైనా ఒక లైను కోడు మార్చి "చిన్న మార్పే, ఏమీ కాదు" అంటే మాకు ఒళ్ళు జలదరిస్తుంది. మార్చిన చోట తప్పు దొరకదు. దానికి నాలుగు గదుల అవతల దొరుకుతుంది. అందుకే ఒక లైను మారినా పాత టెస్టులన్నీ మొదటి నుండి నడపాల. తాత స్ప్రింగు కథ అచ్చంగా అదే. మార్చింది స్లైడు సుళువు కావడానికి, చెడింది రెండో తూటా ఎక్కడం.

ఇప్పుడు డల్లాసు తమ్ముడి మాటకు వద్దాం. అక్కడ పిస్టలులో ఒక భాగం మార్చినవాళ్ళు దాన్ని నమ్మి నడుముకు పెట్టుకునే ముందు రెండు నూర్లు తూటాలైనా ఆగకుండా పోతాయా అని కాల్చి చూస్తారు. అంగడికి పోతే తూటాలు డబ్బాలు డబ్బాలు దొరుకుతాయి. పెదనాయన లైసెన్సులో రాసింది ఏడాదికి 50, ఒకసారికి 25. ఆ లెక్కన ఒక కొత్త ట్రిగ్గరును నమ్మడానికి నాలుగేండ్ల కోటా అయిపోతుంది, కట్టులో పెట్టుకోవడానికి ఒక్కటీ మిగలదు. తోటలో కొబ్బరి చెట్టుకేసి కాల్చి చూద్దామనేవాళ్ళు ఉంటారు. అది నేరం, పైగా తూటా పక్కోళ్ళ తోట దాకా పోతుంది. కాబట్టి మన దేశంలో మార్చిన పిస్టలంటే టెస్టు చేయని పిస్టలే. మా అభ్యంతరమంతా ఈ ఒక్క దాని మీదనే, తక్కినవన్నీ దీని తరవాత.

ఆ తక్కిన వాటిల్లో చట్టం ఒకటి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకిని మార్చడానికే కాదు, రిపేరు చేయడానికి కూడా దానికని లైసెన్సు ఉండాల. పెదనాయనకు ఉన్నది పెట్టుకునే లైసెన్సు, చిన్నాయన పట్టరైకి ఏ లైసెన్సూ లేదు. 2019 సవరణ తరవాత లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేసినా, మార్చినా, రిపేరు చేసినా పడే శిక్ష 7 ఏండ్లకు తగ్గదు. ఒక పూట పనికి ఇది మరీ ఎక్కువ కూలి. మన పక్క మనుషులకు ఈ సంగతి కొత్త కాకూడదు. కట్టబొమ్మనను 1799లో కయత్తారులో ఉరి తీసి, 1801కి పాళెగాళ్ళ కోటలు కూలగొట్టి, దక్షిణాన ఊరూరా ఆయుధాలు దించించినారు. 1878 చట్టంతో లైసెన్సు ముద్ర వచ్చింది. మన ముసలోళ్ళు తుపాకి కాయితాన్ని పట్టా కాయితంతో కలిపి ఇనప్పెట్టెలో దాచింది ఊరికే కాదు.

మేము కన్నడ బడిలో ఉన్నప్పుడు కొడగు పిల్లలు మా క్లాసులో ఉండేవాళ్ళు. వాళ్ళకు లైసెన్సు లేకుండానే తుపాకి పెట్టుకునే మినహాయింపు బ్రిటిషు కాలం నుండి ఉంది, 2019లో ఇంకో పదేండ్లకు పొడిగించినారు. కైల్‌పొళ్దు పండగనాడు తుపాకులు వరసగా పెట్టి, గొట్టంలో తోకు పువ్వు గుచ్చి మొక్కుతారు. తోకు అంటే వాళ్ళ మాటలో తుపాకి. ఆ పువ్వు మన తమిళనాడు రాష్ట్ర పువ్వే, చెంగాందళ్. మా స్నేహితుడి ఇంట్లో ఉన్న తుపాకి వాళ్ళ ముత్తాతది. నూనె, గుడ్డ తప్ప దానికి ఇంకేమీ తగలనిచ్చేవాళ్ళు కాదు.

లేజరు సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ పిస్టలుకు దాన్ని తగిలించే పట్టాలు లేవు. తగిలించాలంటే ఇనుములో బెజ్జం వేయాల. రబ్బరు పిడి మాట: కుడి చెక్క కిందనే ఆ స్ప్రింగు ఉందని చెప్పినాము కదా, ఆ చెక్క దానికి మూత. బజారులో దొరికే రబ్బరును అక్కడ చుట్టబెట్టడం బాగుండదు. ఇక ట్రిగ్గరు గట్టిదనం తప్పని మేము ఒప్పుకోము. రాత్రి రెండు గంటలకు, చీకట్లో, భయంతో వణికే అరవై ఏండ్ల వేలికి ఆ గట్టిదనమే కాపలా. బల్ల మీద కాగితం బొమ్మను కొట్టే పందెం పిస్టలుకు మెత్తన ట్రిగ్గరు కావాల, నడుముకు పెట్టుకునేదానికి కాదు.

డబ్బు లెక్క కూడా ఉంది. విదేశీ పిస్టళ్ళు మామూలు జనానికి దిగుమతి ఆగి 1980ల నడుమ నుండి ఇన్నేండ్లయింది. అందువల్ల ఇక్కడ ఉన్నవే చేతులు మారుతా ఉన్నాయి, లక్షలు పలుకుతా ఉన్నాయి. అసలు రంగు, అసలు చెక్కలు, అసలు భాగాలు ఉంటేనే ఆ వెల. బెజ్జం వేసినదాన్ని ఎవురూ కొనరు. మేము అమ్మమంటా లేము, ఊరికే చెప్తా ఉన్నాము.

అన్ని మార్పులూ తప్పేనా అని చిన్నాయన అడుగుతాడు, తెలుసు. కాదు. అరిగిన స్ప్రింగు తీసి అదే కొలత స్ప్రింగు పెట్టడం మార్పు కాదు, బాగు చేయడం. మేగజిను స్ప్రింగు ఏండ్ల తరబడి నొక్కుడు పడి బలహీనపడి ఉంటే లైసెన్సున్న కొట్టులో మార్పించాల్సిందే. చేసిన కంపెనీయే మార్పించుకోమంటే అదీ వేరే మాట. 2017లో సిగ్ సవర్ తన పీ320 పిస్టలు కింద పడితే పేలుతుందన్న గొడవ వచ్చినాక తానే పిలిచి భాగాలు మార్చిచ్చింది. అట్లా పిలిస్తే పోకుండా కూర్చోవడం మూర్ఖత్వం. అక్కడ కూడా మార్చి, కాల్చి చూసి, లెక్క చెప్పింది కంపెనీ. మన పట్టరై ఆ పని చేయలేదు.

పెదనాయనను పక్కకు పిలిచి ఒక మాట అడిగినాము: "ఆఖరున ఎప్పుడు కాల్చినావు?" ఆయన లెక్క వేసుకున్నాడు. ఎన్నికలకు పోలీస్ స్టేషనులో అప్పగించి తిరిగి తెచ్చుకున్నది జ్ఞాపకముంది. కాల్చింది అంతకు ముందు, అంటే నాలుగేండ్లు దాటింది. ముల్లు కనబడకపోవడం పిస్టలు తప్పు కాదు, కండ్లద్దాల నంబరు మారింది. పిడి జారడం నడుము తోలు సంచి వదులైనందువల్ల. కొత్త ట్రిగ్గరుకు పెట్టే డబ్బుతో ఒక మంచి తోలు సంచి, గోడకు బిగించే ఇనప్పెట్టె, క్లబ్బు చందా, ఇవన్నీ వచ్చేస్తాయి. 50 తూటాల్లో 30 ఏడాదికి ఒకసారి క్లబ్బులో కాల్చేస్తే ఆయన చెయ్యి బాగుపడుతుంది, తూటాలూ పాతబడవు.

ఇంకో మాట ఆయనకు నచ్చలేదు, అయినా రాస్తాము. ఏలకుల వేలం ఇప్పుడు కంప్యూటరు తెర మీద జరుగుతుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. తాత సంచిలో శనివారం కూలి ఉండేది. పెదనాయన సంచిలో ఎక్కువ రోజులు శాంపిలు ఏలకులే ఉంటాయి. రోజూ నడుముకు పెట్టుకోవాలా అన్నది ముందు తేల్చుకుంటే ట్రిగ్గరు గొడవ సగం తీరిపోతుంది. దీనికి పెదనాయన, "ఆ దోవలో రాత్రి ఒంటిగా నువ్వు రా, అప్పుడు చెప్పు" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. మేము బెంగుళూరులో పదో అంతస్తులో ఉండి రాస్తా ఉన్నాము.

చివరకు పోయిన నెల లైసెన్సున్న కొట్టుకు తీసకపోయినారు. మేగజిను స్ప్రింగు అదే కొలతది వేయించినారు, లోపల శుభ్రం చేయించినారు, పగిలిన ఎడమ చెక్కకు జిగురు పెట్టించినారు. ట్రిగ్గరు జోలికి పోలేదు. చిన్నాయనకు కోపం తగ్గలేదు. 2016 రూల్సులో లైసెన్సుదారుకు 70 ఏండ్లు నిండినా, తుపాకి 25 ఏండ్లు చేతిలో ఉన్నా వారసుడి పేరు మీద రాయించే దోవ ఉంది. పెదనాయనకు 25 ఏండ్లు ఎప్పుడో దాటినాయి. వారసుడి కాలంలో ఎవురి పేరు రాయాలని అడిగినాడు. డల్లాసు తమ్ముడిది కుదరదు, చిన్నాయన కొడుకుకు వద్దంట. కాయితాలు మా ఇంటికి కొరియరులో వచ్చినాయి, ఇంకా సంతకం పెట్టలేదు.