ఖతియాన్ లేనివాడు ఎక్కడివాడు?



బిష్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామ మందిరానికి వచ్చు కుటుంబాలలో మూడవ, నాల్గవ తరం వారు పెక్కుమంది. వారి తాతలు విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైలుమార్గాన వచ్చి ఇచ్చట చెమటోడ్చినవారు. నేడు వారి మనుమలను “మీరెక్కడివారు?” అని అడుగుచున్నారు.

2022 నవంబరు 11న జార్ఖండ్ శాసనసభ ఆమోదించిన బిల్లు ప్రకారం, 1932 లేదా అంతకు ముందరి భూమి ఖతియాన్‌లో తన పేరో పూర్వుల పేరో ఉన్నవాడే స్థానికుడు. రాష్ట్ర ప్రభుత్వ మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగాలు వారికే. భూమి లేనివాని సంగతి ఆచార సంప్రదాయాలను చూచి గ్రామసభ తేల్చునట! గవర్నరు త్రిప్పి పంపినను, 2023 డిసెంబరులో సభ దానినే మరల ఆమోదించినది. టాటానగర్ రైల్వే క్వార్టరులో పుట్టినవానికి ఖతియాన్ ఎక్కడిది? బిష్టుపూర్ నడిబొడ్డున గ్రామసభ ఎక్కడిది? మనది కేంద్ర సర్వీసు, మనకేమి అనువారు తమ బిడ్డల మాట ఆలోచింతురు గాక!

అయితే ఒక నిజం దాచరాదు. ఈ ఉక్కునగరం సాక్చి, కాళీమాటి పల్లెల నేలపై లేచినది. ఆదివాసుల ఆవేదన న్యాయమైనది. మనలో ఎందరము సంథాలీ, హో భాషలలో నాలుగు మాటలు నేర్చితిమి? నేను నేర్వలేదు, సిగ్గుతోనే వ్రాయుచున్నాను. 1969లో తెలంగాణా ఉద్యోగులు కోరినదీ స్థానికులకు రక్షణే. అచ్చట న్యాయమని, ఇచ్చట అన్యాయమనుట తెలుగువానికి చెల్లదు. కాని ముల్కీ నిబంధనలు సైతం పదిహేనేండ్ల నివాసాన్ని గుర్తించినవి. ఈ బిల్లు ఎన్నేండ్ల నివాసాన్నీ, ఎన్ని తరాల చాకిరినీ లెక్కచేయదు.

సంక్షేమ రాజ్యాలని పేరొందిన దేశాలలోనూ ఇదే ధోరణి. నెదర్లాండ్స్ 1998 చట్టంతో వలస వచ్చినవారికి భాషా తరగతులు ఏర్పరచినది, మంచిదే. 2006లో మాత్రం కుటుంబాన్ని చేరగోరువారు స్వదేశంలోనే డచ్చి పరీక్ష నెగ్గి రావలెనన్నది. భారతీయులు వ్రాయవలెను, అమెరికా, జపాను పౌరులకు మినహాయింపు! 2013లో చదువు ఖర్చు సైతం వలసవచ్చినవాని నెత్తిన పడినది. బడి కాస్తా సుంకపు గేటయినది.

గ్రామీణ డాక్ సేవకునికి స్థానిక భాష రావలెననుట సబబు. పల్లెజనంతో మాట్లాడక అతని పని సాగదు. తాత పేరు ఖతియాన్‌లో ఉన్నంత మాత్రాన ఏ పని సాగును? ప్రభుత్వం తన ఖర్చుతో, పనివేళలలో సంథాలీ, హో నేర్పవలెను. భూమి పోయినవారికి ఉద్యోగాలలో ముందు వరుస ఇవ్వవలెను. ఇచ్చట పుట్టి పెరిగిన శ్రామికుని బిడ్డను స్థానికుడుగా గుర్తించవలెను.

టాటానగర్, చక్రధర్‌పూర్ శాఖలు తమ తదుపరి సర్వసభ్య సమావేశంలో దీనిని చర్చకు పెట్టవలెనని కోరుచున్నాను. ఆ చర్చలో మొదటి మాట ఆదివాసీ సోదరులది కావలెను.